గిరగిర తిరిగే గోపురం : ఒక పరిశీలన

మనిషికి రెక్కలు లేవు. అయినను రెక్కలున్నవానివలె కొన్ని నిమిషాలైనా గాలిలో తేలియాడవలెనన్న కోరిక పసితనం నుండి ముసలితనం వరకు అతనిని వదలదు. ఉయ్యాల తొట్టిలో ఊగిన శిశువే పెరిగి చింతకొమ్మకు త్రాడు కట్టి ఊగుతాడు. తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కుతాడు. ఉరుసులో ఝూలా ఎక్కుతాడు. ఆ కోరికకే ఉక్కును, విద్యుత్తును జోడించి నేటి యంత్రశాస్త్రజ్ఞులు నిర్మించిన వినోద సాధనమే గిరగిర తిరిగే గోపురం. ఎత్తైన ఉక్కు స్తంభం చుట్టూ గొలుసులతో వ్రేలాడే ఆసనాలు, వాటిలో మనుషులు, నేలమీద మొదలై నింగి వరకు సాగే పరిభ్రమణం - ఇదీ దాని స్వరూపం.

మేము తెలుగు సాహిత్యం చదివి తెలుగు బోధించువారము. యంత్రాలతో మాకేమి పని అని పాఠకులు అడుగవచ్చును. దానికొక కారణమున్నది. దానిని చెప్పిన పిమ్మటనే విషయంలోనికి ప్రవేశించుట న్యాయము.

ఒక ప్రశ్న

కొన్ని సంవత్సరాల క్రిందట మేము కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని హైదరాబాదులోని నుమాయిష్‌కు వెళ్ళినాము. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్న ప్రదర్శనగా మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఆ ప్రదర్శనను గూర్చి మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. దుకాణాలన్నీ చూచిన తర్వాత పిల్లల కాళ్ళు సహజంగానే ఝూలాల వైపు నడిచినవి. అక్కడ నడుమ ఒక స్తంభం, దాని చుట్టూ గొలుసులకు కట్టిన కుర్చీలు ఉన్నవి. స్తంభం తిరిగేకొద్దీ కుర్చీలు గొడుగు విప్పినట్లు బయటికి విచ్చుకొంటున్నవి.

అందరూ చీటీలు కొన్నారు. ఒక విద్యార్థి మాత్రము వెనుకాడినాడు. అతడు మంచి దేహపుష్టి గలవాడు. మిత్రులలో ఒకడు నవ్వుతూ, "అరే భాయ్, తూ బైఠా తో ఝూలా టూట్ జాతా!" అన్నాడు. అందరూ నవ్వినారు. ఆ అబ్బాయి మా వైపు తిరిగి, "సార్, బరువైనవాడు కూర్చుంటే అతని కుర్చీ మిగతావాటికంటె ఎక్కువ దూరం బయటికి పోతుంది గదా? ప్రక్కవాళ్ళకు తగులుతుందేమో" అన్నాడు. ఆ ప్రశ్నకు మావద్ద సమాధానం లేదు. తెలియదని చెప్పుటకు నామోషీ పడి, "పోనీలే నాయనా, నీవు ఇక్కడనే ఉండు" అన్నాము. అతడు మా చేతిసంచి పట్టుకొని క్రిందనే నిలబడినాడు. పైన తిరుగుతున్న మిత్రులను తలయెత్తి చూస్తున్న ఆ ముఖం మాకు చాల దినాలు మరపునకు రాలేదు.

అతని భయం నిజమైనదా, కాదా? దానిని తేల్చుకొనుటకై చదివిన చదువు ఫలితమే ఈ వ్యాసం.

పూర్వ చరిత్ర

మనుషులను కూర్చుండబెట్టి త్రిప్పే యంత్రాలు ఈనాటివి కావు. రోము నగరవాసియైన పియెత్రో దెల్లా వాల్లె అను యాత్రికుడు 1615లో ఇస్తాంబులులో రంజాను ఉత్సవాలను చూచి, అక్కడి దీపాలంకరణలను, పెద్ద పెద్ద ఊయలలను, మనుషులను పైకి క్రిందికి త్రిప్పే మహాచక్రాన్ని వర్ణించినాడు. తానును దానిని ఎక్కి ఆనందించినట్లు వ్రాసుకొన్నాడు. ఈయనయే తర్వాత మన దేశపు పశ్చిమ తీరానికి కూడ వచ్చినాడు. పండుగకును పరిభ్రమణానికిని గల చుట్టరికం ఎంత పాతదో దీనివలన తెలియుచున్నది.

మన వద్ద ఈ జాతి సాధనానికి రంగులరాట్నమని పేరు. నూలు వడికే రాట్నమే తిరునాళ్ళకు వచ్చి రంగులు పూసుకొన్నదన్నమాట! పేరు పెట్టిన పల్లెవాని ఊహాశక్తిని మెచ్చుకొనవలెను.

యూరపు సంతలలో గొలుసు కుర్చీల రాట్నం చిరకాలంగా ఉన్నది. కాని అది నేలకు కొద్ది ఎత్తులోనే తిరిగేది. దానిని గోపురానికి తగిలించి ఆకాశంలోనికి ఎత్తవలెనన్న ఆలోచన ఇటీవలిది. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో 1843 నుండి నడుస్తున్న తివోలీ ఉద్యానంలో 2006లో 80 మీటర్ల గోపురం వెలసినది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని ప్రాటర్ ఉద్యానంలో 2010లో 117 మీటర్ల గోపురం లేచినది. ప్రాటర్ ఒకప్పుడు రాజుల వేటభూమి. 1766లో రెండవ జోసెఫ్ చక్రవర్తి దానిని ప్రజలకు తెరిపించినాడు. అక్కడ 1897లో నిర్మించిన సుమారు 65 మీటర్ల మహాచక్రం జగత్ప్రసిద్ధము. ఇప్పుడు దాని పొరుగున ఈ గోపురం దానికంటె ఎత్తుగా నిలిచినది. తర్వాత 2013లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 121 మీటర్లది, 2018లో అమెరికాలోని ఆర్లాండోలో సుమారు 137 మీటర్లది, 2021లో దుబాయిలో 140 మీటర్లది వచ్చినవి. మన చార్మినారు ఎత్తు సుమారు 56 మీటర్లు. అట్టి చార్మినార్లు రెండింటిని ఒకదానిపై ఒకటి నిలిపినను ప్రాటర్ గోపురానికి కొంచెం తక్కువే యగునని తలచినచో దాని ఎత్తు మన ఊహకు అందును.

గోపుర నిర్మాణం

ఈ గోపురాలలో ముఖ్యాంగాలు నాలుగు.

మొదటిది స్తంభము. ఇది ఉక్కు కడ్డీలను జల్లెడవలె అల్లి నిర్మించిన నిలువు చట్రము. గట్టి గోడవలె కాక జాలివలె ఉండుటచేత గాలి దాని నడుమనుండి దూసుకొనిపోవును. స్తంభంపై గాలి తాకిడి తగ్గును. దాని కాళ్ళు భూమిలోని బరువైన కాంక్రీటు పునాదికి బిగించబడి ఉండును. చెట్టుకు వేళ్ళెట్టివో దీనికి పునాది అట్టిది.

రెండవది స్తంభాన్ని చుట్టి ఉండే వలయాకారపు బండి. ఇది ఉక్కు త్రాళ్ళ సాయంతో, విద్యుత్ మోటార్ల బలంతో స్తంభం వెంబడి పైకి ఎక్కును, క్రిందికి దిగును. బావిలో గిలక మీదుగా చేద ఎక్కుట, దిగుట వంటిదే ఇది.

మూడవది ఆ బండిపై తిరిగే చక్రము. దీనిని త్రిప్పుటకు వేరుగా మోటార్లుండును. ఎత్తుట ఒక పని, త్రిప్పుట మరొక పని. రెండును కలిసినప్పుడే గాలిలో మెలి తిరుగుతూ పైకి లేచే గతి ఏర్పడుచున్నది.

నాలుగవది చక్రపు చేతులనుండి గొలుసులతో వ్రేలాడే ఆసనాలు. ఈ జాతి గోపురాలలో సాధారణంగా ఇద్దరేసి కూర్చునే ఆసనాలు 12 ఉండి, ఒకేసారి 24 మంది తిరుగుదురు. ఒడిలో అడ్డుకడ్డీ, నడుముకు పట్టీ మనిషిని ఆసనంతో కలిపి పట్టి ఉంచును. కాళ్ళు మాత్రం శూన్యంలో వ్రేలాడుచుండును. భయానికైనను, ఆనందానికైనను మూలం అదే.

బయటికి లాగునది ఎవరు?

చక్రం నిశ్చలంగా ఉన్నప్పుడు గొలుసులు తిన్నగా క్రిందికి వ్రేలాడును. తిరుగుట మొదలైనంతనే ఏటవాలుగా బయటికి లేచును. ఎవరో కనిపించని చేతితో బయటికి లాగినట్లున్నది. ఆ చేయి ఎవరిది?

జొన్నచేనిలో మంచెమీద నిలిచి ఒడిసెల త్రిప్పే కాపును జ్ఞప్తికి తెచ్చుకొందము. ఒడిసెలలో రాయి గుండ్రంగా తిరుగుచున్నది. అతడు ఒక కొస వదలినంతనే రాయి ఎటు పోవును? చేతినుండి తిన్నగా బయటి వైపునకు పోవునని చాలమంది అనుకొందురు. కాని అది అట్లు పోదు. వదలిన క్షణమున ఏ దిక్కుగా కదులుచుండెనో ఆ దిక్కుననే, అనగా వృత్తానికి స్పర్శరేఖగా, దూసుకొనిపోవును. కదులుచున్న వస్తువు తన దారిన తిన్నగా పోవుటకే చూచును. ఈ గుణానికే జడత్వమని పేరు. దానిని నిమిషనిమిషము తిన్నని దారినుండి మళ్ళించి, లోపలికి లాగి, గుండ్రంగా త్రిప్పుచున్నది ఒడిసెల త్రాడు. ఆ లోపలి లాగుడే అభికేంద్ర బలము.

గోపురంలోను అంతే. ఆసనము తిన్నగా పోవలెనని చూచును. గొలుసు దానిని లోపలికి లాగును. కూర్చున్నవానికి మాత్రము తన్నెవరో బయటికి నెట్టినట్లు తోచును. బస్సు మలుపు తిరిగినప్పుడు ప్రక్కవానిమీద ఒరుగుట మనందరికి అనుభవమే గదా. తిరిగేవాని దృష్టిలో కనిపించే ఈ బయటి నెట్టుడుకే అపకేంద్ర బలమని పేరు. నేలమీద నిలిచి చూచువానికి అట్టి బలమేదియు కనిపించదు. లోపలికి లాగే గొలుసు ఒక్కటే కనిపించును.

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పక ఉండలేము. అపకేంద్రమనగా కేంద్రమునుండి తొలగునది. ఉర్దూలో దీనిని మర్కజ్-గురేజ్ ఖువ్వత్ అందురు. మర్కజ్ అనగా కేంద్రము. గురేజ్ అనగా తప్పించుకొనిపోవుట. అభికేంద్ర బలము మర్కజ్-మాయిల్, అనగా కేంద్రమువైపు మొగ్గినది. రెండు భాషలు రెండు వేర్వేరు మూలాలనుండి మాటలు తెచ్చుకొని ఒకే భావాన్ని ఒకే విధంగా కట్టినవి. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా అను అనువాద సంస్థ స్థాపితమై, మరుసటి యేడు వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కావలసిన శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులో ఆ పని చేసినది. ఆ పెద్దలు కూర్చిన మాటలే నేడు మన తరగతి గదులలో మనకు పనికివచ్చుచున్నవి. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు నేర్చిన మన విద్యార్థికి ఒకే భావమునకు రెండు తలుపులు తెరచియున్నవి. ఇది లోటు కాదు, కలిమి.

తిరిగే వస్తువుల ఈ బలాన్ని మొదట గణితంలో బంధించినవాడు హాలండు దేశీయుడైన క్రిస్టియాన్ హైగెన్స్. 1659లోనే దీనిని లెక్కగట్టి, 1673లో ప్రకటించిన గడియారాల గ్రంథం చివర ఆ సూత్రాలను చేర్చినాడు. 1687లో న్యూటన్ మహాశయుడు తన చలన నియమాలతో దీనికి గట్టి పునాది వేసినాడు. గుండ్రంగా తిరిగే దారపు గుండు తన దారంతో గాలిలో శంకువు ఆకారం గీయును గనుక దానిని శంకు లోలకమందురు. మన గోపురంలోని ఆసనం అట్టి శంకు లోలకమే. ఆవిరి యంత్రం వేగాన్ని అదుపులో నుంచుటకు 1788లో జేమ్స్ వాట్ అమర్చిన రెండు గుండ్ల నియంత్రకంలోను ఇదే సూత్రమున్నది. వేగం హెచ్చినప్పుడు గుండ్లు విచ్చుకొని ఆవిరి ద్వారాన్ని మూసివేయును. వేగం తగ్గినప్పుడు గుండ్లు దిగి ద్వారాన్ని తెరచును. పిల్లలను నవ్వించే సూత్రమే కర్మాగారాలను నడిపించినది.

బరువైనవాడు, తేలికైనవాడు

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తము. బరువైనవాడు ఎక్కువ దూరం బయటికి పోవునా?

గొలుసు ఒకే సమయంలో రెండు పనులు చేయుచున్నది. మనిషి బరువును మోయుచు అతనిని క్రింద పడనీయకుండుట మొదటి పని. అతనిని లోపలికి లాగి గుండ్రంగా త్రిప్పుట రెండవ పని. మొదటి పనికి పైకి లాగే బలం కావలెను. రెండవ పనికి అడ్డంగా లాగే బలం కావలెను. ఈ రెండు బలాల నిష్పత్తిని బట్టియే గొలుసు ఎంత ఏటవాలుగా నిలువవలెనో నిర్ణయమగును.

ఇప్పుడు 50 కిలోల మనిషికి బదులు 100 కిలోల మనిషిని కూర్చుండబెట్టుదము. అతనిని మోయుటకు రెట్టింపు బలం కావలెను. నిజమే. కాని అతనిని త్రిప్పుటకును సరిగా రెట్టింపు బలమే కావలెను. ఏలయన అతని జడత్వమును రెట్టింపే. రెండు బలాలును సమంగా పెరిగినందున వాటి నిష్పత్తి మారదు. నిష్పత్తి మారనప్పుడు ఏటవాలు మారదు. కావున బరువైనవాడును, తేలికైనవాడును ఒకే కోణంలో, ఒకే దూరంలో తిరుగుదురు. ఖాళీ కుర్చీ సైతము దాదాపు అదే కోణంలో విచ్చుకొనును. గాలి ఎదురుతాకిడివలన తేలికైన ఖాళీ కుర్చీ కొంచెం వెనుకకు వాలవచ్చునే గాని, నియమము మారదు.

ఈ విషయాన్ని కనుగొన్న నాడు మాకు కలిగిన ఆశ్చర్యం ఇంతింతనరానిది. నలుగురి నడుమ ఒక పిల్లవాడు తన దేహాన్ని చూచి తానే జంకినాడు. ఆ జంకునకు ప్రకృతిలో ఆధారమే లేదు. గొలుసు అతనిని మిత్రులతో సమానంగానే త్రిప్పి ఉండెడిది.

ఒక చిన్న లెక్క

విద్యార్థులు కాగితముపై స్వయంగా వేసి చూచుకొనుటకు ఒక లెక్క ఇచ్చుచున్నాము. ఇందులోని కొలతలు మేము ఉదాహరణకై ఊహించినవి.

సూత్రమిది: వేగాన్ని దానితోనే గుణించి, వచ్చినదానిని వృత్త వ్యాసార్ధం, గురుత్వ త్వరణం అను రెండింటి లబ్ధంతో భాగించినచో, గొలుసు నిలువు రేఖతో చేయు కోణం యొక్క టాంజెంటు విలువ వచ్చును. సూత్రంలో మనిషి బరువు ఎక్కడను లేదని గమనింపవలెను.

ఆసనం తిరిగే వృత్త వ్యాసార్ధం 10 మీటర్లు అనుకొందము. గురుత్వ త్వరణం 9.8. వీటి లబ్ధం 98. టాంజెంటు విలువ 1 అగుటకు, అనగా గొలుసు సరిగా 45 డిగ్రీలు లేచుటకు, వేగ వర్గం 98 కావలెను. అప్పుడు వేగం సెకనుకు సుమారు 9.9 మీటర్లు, అనగా గంటకు 36 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. వృత్తం చుట్టుకొలత సుమారు 62.8 మీటర్లు గనుక ఒక చుట్టుకు 6.3 సెకనులు పట్టును. పట్టణపు వీధిలో స్కూటరు వేగానికే గొలుసులు సగం ఆకాశానికి లేచుచున్నవన్నమాట!

ఆ కోణంలో గొలుసుపై పడే లాగుడు మనిషి బరువునకు 1.41 రెట్లు. 50 కిలోల విద్యార్థికి తాను సుమారు 71 కిలోలు తూగుచున్నట్లు తోచును. ఆసనం తన్ను పైకి నొక్కుచున్నట్లును, ఒళ్ళు బరువెక్కినట్లును ఉండుటకు కారణమిదే. 100 కిలోలవాని వలన గొలుసుపై 141 కిలోల బరువుకు సమానమైన లాగుడు పడును.

ఇక్కడనే ఒక హెచ్చరిక అవసరము. కోణం బరువునుబట్టి మారదు. గాని గొలుసుపై పడే శ్రమ బరువునుబట్టి తప్పక మారును. అందువలననే ప్రతి యంత్రానికి భారపరిమితి ఉండును. బరువైనవాడు దూరంగా ఎగిరిపోవునన్నది భ్రమ. అతని బరువును యంత్రం మోయగలదా అని అడుగుట మాత్రము భ్రమ కాదు, వివేకము. ఆనాడు మా విద్యార్థి అడిగిన ప్రశ్నలో ఈ రెండును కలిసి ఉన్నవి. నవ్వినవారికి రెండును తెలియవు, మాకును తెలియవు.

ఎత్తు, గాలి, సమతూకము

నేలమీద తిరిగినప్పటికిని, 117 మీటర్ల ఎత్తున తిరిగినప్పటికిని భేదమేమి? భూమ్యాకర్షణలో భేదం లేదనియే చెప్పవచ్చును. ఆ ఎత్తున అది 27 వేలలో ఒక వంతు మాత్రమే తగ్గును. వేగం ఒక్కటే అయినచో కోణమును ఒక్కటే. కాని ఆ ఎత్తున నిర్మలమైన దినాన క్షితిజం సుమారు 38 కిలోమీటర్ల దూరం వరకు విస్తరించును. క్రింద తిరుగునప్పుడు చెట్లు, దీపాలు, జనం కళ్ళముందు దూసుకొనిపోవుటచే వేగం తెలియును. పైన దగ్గరగా ఏ వస్తువును లేదు గనుక వేగం మరచి ఎత్తు ఒక్కటే మనసును ఆక్రమించును.

అసలు భేదం గాలిలో ఉన్నది. పైకి పోయినకొద్దీ గాలివేగం హెచ్చును. గాలి వేగం రెట్టింపైనచో దాని తాకిడి నాలుగు రెట్లగును. అందుచే గోపురంపై గాలి కొలిచే సాధనం ఉంచి, పరిమితి మించినప్పుడు యంత్రాన్ని నిలుపుదురు.

సమతూకము మరొక విషయము. చక్రానికి ఎదురెదురు వైపుల బరువు సమంగా ఉన్నచో అడ్డపు లాగుళ్ళు ఒకదానినొకటి రద్దుచేసికొనును. అట్లుగాక 50 కిలోల వారు నలుగురు ఒకే వైపు కూర్చున్నారనుకొందము. 45 డిగ్రీల కోణంలో ఒక్కొక్కని అడ్డపు లాగుడు అతని బరువుకు సమానము. కావున 200 కిలోల బరువుకు సమానమైన లాగుడు గోపుర శిఖరాన్ని క్షణానికొక దిక్కునకు లాగుచు 6.3 సెకనులకొకసారి చుట్టివచ్చును. ఊయలను సరియైన అదనుకు కొద్దికొద్దిగా నెట్టినను అది పెద్దగా ఊగుట మనము ఎరుగుదుము. ప్రతి ఎత్తైన కట్టడానికి తనదైన ఊపు, దానికొక కాలము ఉండును. లాగుడు కాలము ఆ ఊపు కాలముతో కలిసినచో ఊగుట పెరుగును. దీనినే అనునాదమందురు. కనుక శిల్పులు ఈ రెండు కాలాలు కలియకుండునట్లు గోపురాన్ని రూపొందింతురు. "నీవు అటు కూర్చో, నీవు ఇటు కూర్చో" అని నడిపేవాడు చెప్పినప్పుడు విసుగుకొనక వినవలెను. అతడు గోపురాన్ని తూచుచున్నాడు.

తల తిరుగుట

చక్రం ఆగి నేలపై అడుగుపెట్టిన తర్వాత కూడ కొంతసేపు లోకం తిరుగుచున్నట్లే ఉండును. ఆడపిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరిగి ఆగినప్పుడును ఇదే స్థితి. మన లోపలి చెవిలో అర్ధవృత్తాకారపు కుల్యలు మూడు ఉన్నవి. వాటిలో ద్రవమున్నది. తల తిరిగినప్పుడు కుల్య వెంటనే తిరుగును గాని ద్రవం జడత్వంచే వెనుకబడును. ఆ భేదమే మెదడునకు "తిరుగుచున్నావు" అని తెలుపును. ఆగినప్పుడు కుల్య ఆగును, ద్రవం ఆగదు. కన్ను ఆగినామనును, చెవి తిరుగుచున్నామనును. ఈ తగవు తీరువరకు కళ్ళు తిరుగును, కొందరికి వాంతి వచ్చును. గొలుసును లేపిన జడత్వమే తలను కూడ త్రిప్పుచున్నది.

భద్రత

గోపురమెంత గట్టిదైనను దానిని నడిపే మనిషి అజాగరూకుడైనచో అది ప్రాణాంతకమగును. 2022 మార్చి 24న ఆర్లాండోలో ఒక బాలుడు ఎత్తైన గోపురంనుండి జారిపడి మరణించినాడు. అది తిరిగే ఆసనాల గోపురం కాదు. మనుషులను ఎత్తునకు చేర్చి ఒక్కసారిగా క్రిందికి జార్చే జాతికి చెందినది. ఆ ఆసనపు సంకేత సాధనాన్ని చేతితో మార్చి ఉంచినందున, రక్షణపట్టీకిని ఆసనానికిని నడుమ ఉండవలసినదానికంటె ఎక్కువ సందు ఉన్నప్పటికిని యంత్రం కదలినదని దర్యాప్తులో తేలినది. తర్వాత ఆ గోపురాన్నే తొలగించినారు. అదే సంవత్సరం సెప్టెంబరు 4న మన దేశంలోని మొహాలీలో, ఒక సంతలో, తిరుగుతూ పైకి లేచే గోపురపు ఊయల సుమారు 50 అడుగుల ఎత్తునుండి హఠాత్తుగా నేలకు పడి పలువురు గాయపడినారు.

ఈ రెండు సంఘటనలలో ప్రకృతి నియమాలేవియు తప్పలేదు. ప్రకృతి నియమం తన్ను లెక్కించినవానిని, లెక్కింపనివానిని సమంగానే చూచును. తప్పునది మనిషి. కనుక ఎక్కుటకు ముందు భారపరిమితి, ఎత్తు పరిమితి తెలుపు ఫలకమున్నదా, కడ్డీ బిగిసినదా, పట్టీ వదులుగా ఉన్నదా, గాలివానలో కూడ నడుపుచున్నారా అని చూచుకొనుట పిరికితనం కాదు. సందేహం కలిగినచో దిగిపోవుటకు సిగ్గుపడరాదు. సిగ్గుకంటె ప్రాణం విలువైనది.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! సమాధానం దొరికిన మరునాడే మేము తరగతిలో పాఠ్యపుస్తకాన్ని ప్రక్కనబెట్టి నల్లబల్లమీద శంకువు గీచినాము. అందరి ఎదుట ఆ విద్యార్థితో, "ఆనాడు నీవడిగిన ప్రశ్న సరియైనది. మేము తెలియదనక నిన్ను క్రింద నిలిపినాము. తప్పు మాది" అన్నాము. అతడు లేచి నిలబడి కొంతసేపు లెక్కవైపే చూచినాడు. ఆ తర్వాత, "అయితే సార్, కోణంలో నా బరువు లేదు, గొలుసులో ఉంది" అన్నాడు. మేము ఇన్ని పుటలలో చెప్పినదానిని అతడు ఒక్క వాక్యంలో చెప్పినాడు. నవ్విన మిత్రుడు ఈసారి నవ్వలేదు. ఆ లెక్కను తన పుస్తకంలోనికి ఎత్తుకొన్నాడు.

మరుసటి సంవత్సరం నుమాయిష్ వచ్చినప్పుడు ఆ విద్యార్థి తానే వెళ్ళి, ముందుగా ఫలకం చదివి, భారపరిమితి ఎంతయని నడిపేవానిని అడిగి, తాను దానికి లోబడియే ఉన్నానని తెలిసికొని కుర్చీ ఎక్కినాడట. దిగివచ్చి మాకు చెప్పిన మాట ఇది: "పైనుంచి చూస్తే సార్, అన్ని కుర్చీలు ఒకే వరుసలో ఉన్నాయి."

మన కళాశాలలో సాహిత్యం చదువువారు శాస్త్రమన్నచోట, శాస్త్రం చదువువారు సాహిత్యమన్నచోట వెనుకకు తగ్గుట మేము చూచుచున్నాము. ఉర్దూ విభాగము, తెలుగు విభాగము, విజ్ఞాన విభాగము అను గోడలు పరీక్షలకొరకు కట్టుకొన్నవి. ప్రశ్నకు గోడలు లేవు. మీకు తోచిన సందేహాన్ని, అది ఎంత చిన్నదైనను, ఎవరు నవ్వినను, అడుగుడు. అధ్యాపకునికి తెలియనిచో అతడు వెదకి చెప్పును. ఇకమీదట మేము "పోనీలే నాయనా" అని మాత్రము అనబోము.

కళాశాల పాలకవర్గమువారికి మా సవినయ మనవి ఒకటున్నది. ఏటేట విద్యార్థులను విహారయాత్రకు పంపునప్పుడు వారి వెంట భౌతికశాస్త్ర అధ్యాపకుని ఒకరిని, భాషాధ్యాపకుని ఒకరిని కలిపి పంపుదురుగాక. ఒకరు లెక్క చెప్పుదురు. మరొకరు దానికి మాటలు సమకూర్చుదురు. తిరిగివచ్చిన పిల్లలవద్ద చూచిన వింతలతోపాటు వాటి కారణాలును ఉండును.